ఎక్కే గీత, దిగే గీత

మా వదినకు కోపం వస్తే వంటింట్లో గరిటె చప్పుడు పెరుగుతుంది. ఆ ఉదయం ఇల్లంతా మోత మోగిపోతోంది.

"ఆఫీసు గొడవ ఆఫీసులోనే వదిలేసి రండర్రా!" అని అన్నయ్య మొత్తుకున్నాడు.

"మీ చెల్లెలికి చెప్పండి. ఆడపడుచు పోరు ఇంట్లో చాలదన్నట్టు ఆఫీసుక్కూడా మోసుకొచ్చింది."

 నేను నోరెత్తితే ఆ గరిటె నా నెత్తిమీదే పడేది.

గొడవేమిటంటే, మా సంస్థ పంపిన ఉపగ్రహం ఒకటి పక్క గ్రహం చుట్టూ తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా ఆ గ్రహం పైనుండే పల్చటి గాలిలోకి ఓసారి దిగి లేస్తుంది. ఉపగ్రహం ఒంటి నుంచి సన్నటి లోహపు కడ్డీ ఒకటి పొడుచుకొని ఉంటుంది. అది మా వదిన చేసింది. దానికి కొంచెం కొంచెంగా వోల్టేజి పెంచుతూ పోతే గాలిలోని ఎలక్ట్రాన్లు వచ్చి వాలతాయి. వచ్చిన కరెంటును గీతగా గీస్తే, ఆ గీత లేచే తీరును బట్టి ఎలక్ట్రాన్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలుస్తుంది. ఆవిడ కొలుస్తుంది, నేను లెక్క కడతాను. ఎండ ఎంత వేడెక్కిస్తుంది, గాలి ఎంత చల్లారుస్తుంది అని సమీకరణాలు రాసి కంప్యూటరుకు అప్పజెబుతాను. దాన్ని మేము మోడల్ అంటాం. వదిన మాత్రం 'చిన్నీ జోస్యం' అంటుంది. చిన్నీ అంటే నేనే.

పై పొరల్లో మా ఇద్దరి అంకెలూ చక్కగా కలిశాయి. కింది పొరల్లోకి వచ్చేసరికి చెడింది. కడ్డీ వేడి అంటుంది, నా మోడల్ చల్లన అంటుంది. మీటింగులో ఉడుకుమోత్తనం ఆపుకోలేక, "కడ్డీకి మురికి పట్టిందేమో!" అనేశాను. మురికి పట్టిన కడ్డీ చల్లటి ఎలక్ట్రాన్లను కూడా వేడిగా చూపిస్తుంది.

మా డైరెక్టరు ఆ మాట పట్టుకున్నాడు. "అలాగైతే దాన్ని ఆపేసి, అది వాడే కరెంటు ఉపగ్రహంలోని కెమెరాకు ఇచ్చేద్దాం."

 ఆ కడ్డీని వదిన చంటిపిల్లలా సాకింది. పెట్టెలో పెట్టి పంపేరోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. నేను గబగబా అందుకున్నాను. "దిగే గీత కూడా తెప్పించి చూడండి సార్. అప్పుడు ఆపుదురుగాని."

వోల్టేజి పెంచేటప్పుడు వచ్చేది ఎక్కే గీత, తగ్గించేటప్పుడు వచ్చేది దిగే గీత. కడ్డీ శుభ్రంగా ఉంటే రెండూ ఒకే దారిలో నడుస్తాయి. మురికి ఉంటే విడిపోతాయి. అంత దూరం నుంచి రెండూ పంపడం బరువని మేము ఎప్పుడూ ఎక్కే గీతే తెప్పించుకునేవాళ్లం. డైరెక్టరు ఒక్క చుట్టుకు ఒప్పుకున్నాడు. ఆ గీత వచ్చేది ఆరోజే. గరిటె మోత అందుకే.

మధ్యాహ్నం అందరం తెర ముందు చేరాం. వదిన మాత్రం గోడవైపు తిరిగి, కళ్లజోడు తీసి తుడుస్తూ నిలబడింది. తెరమీద ముందు ఎక్కే గీత నీలంగా లేచింది, తర్వాత దిగే గీత ఎర్రగా వచ్చి దాన్ని అడ్డంగా కోసేసింది.

"కలవలేదమ్మా," అన్నాడు డైరెక్టరు మెల్లగా.

"సరేనండీ," అంది వదిన, ఇటు తిరగకుండానే.

ఆ 'సరేనండీ' వినలేకపోయాను. నెగ్గింది నేనే కదా, ఎగిరి గంతెయ్యాలి. ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు వెంటనే కోపమొస్తుంది. తెర వంక కోపంగా చూశాను.

"ఆగండాగండి! మురికి పడితే గీత కాస్త పక్కకి జరుగుతుంది గానీ, ఇలా ఎదురు తిరుగుతుందా?"

తెర దగ్గర కూర్చున్న ఆపరేటరు నాలుక కరుచుకున్నాడు. గీతలు గీసే మా ప్రోగ్రాముకు ఎక్కే గీత ఒక్కటే అలవాటు. మొదట వచ్చిన అంకెను తక్కువ వోల్టేజి దగ్గర పెట్టేస్తుంది. దిగేటప్పుడు మొదట వచ్చేది ఎక్కువ వోల్టేజిది, అంటే గీతను వెనకనుంచి ముందుకు గీసేసిందన్నమాట!

"తిప్పి గియ్యి బాబూ, నీకు పుణ్యముంటుంది!"

తిప్పాడు. ఎర్ర గీత వెళ్లి నీలం గీత మీద పడుకుంది. ఇక నీలం కనబడితే ఒట్టు.

"వదినా, ఇటు చూడు!"

"నేను చూడను పో."

"చూడవే తల్లీ!" అని భుజాలు పట్టి తిప్పాను.

కళ్లజోడు పెట్టుకుంది. "నీలంది ఏదే?"

"ఎర్రదాని కింద. మొత్తం దాని కిందే!"

ఇద్దరం చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని గెంతాం. డైరెక్టరు నవ్వుతూ, "కెమెరాకు ఈసారికి లేనట్టే. మరైతే తప్పెక్కడుందమ్మా?" అన్నాడు. అందరూ నావైపు తిరిగారు.

అప్పటిగ్గాని నాకు తట్టలేదు. కడ్డీ శుభ్రంగా ఉందంటే తప్పు నా మోడల్‌దే. ఏళ్లతరబడి కట్టిన లెక్క! రోషం రావాలి, నవ్వొచ్చింది. ఆ కింది పొరల్లో ఎలక్ట్రాన్లను ఏదో వేడెక్కిస్తోంది, లేదా గాలి వాటిని నేననుకున్నంత చల్లార్చడం లేదు. ఏదైనా అది నా సమీకరణాల్లో లేదు. దాన్ని వెతికే పని నాదే. ఎంత సంబరమో!

సాయంత్రం వంటింట్లో గరిటె చప్పుడే లేదు. అన్నయ్య తలుపు దగ్గర నుంచే భయంభయంగా అడిగాడు. "ఎవరు నెగ్గారు?"

"వదిన," అన్నాను నేను.

"మీ చెల్లెలు," అంది వదిన.

"సరిపోయింది!" అని అన్నయ్య తల పట్టుకున్నాడు.

వదిన పళ్లెం నా ముందుకు తోసింది. "రేపటినుంచి నీ జోస్యానికి పట్టిన మురికి ఇద్దరం కలిసి కడుగుదాం. ఇంతకీ, నా కడ్డీకి సారీ చెప్పావా?"

కిటికీ తెరిచి, ఆకాశంలోకి తలెత్తి, పక్కింటివాళ్లు బయటికొచ్చి చూసేంత గట్టిగా చెప్పాను.