అడుగంటిన జావ

వదిన గరిటె తిప్పుతూనే ఉంది. జావ ఉడికి చాలాసేపయింది, అయినా చెయ్యి ఆగడం లేదు. ఆవిరికి కళ్ళజోడు మసకబారితే ఎడమచేత్తో కొంగు లాగి తుడుచుకుంటుంది. కుడిచెయ్యి మాత్రం తపేలా అడుగును గీరుతూ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి తిప్పీ తిప్పీ మణికట్టు దగ్గర ఎముక గోలీకాయంత ఉబ్బింది.

అది కూలీల మెస్సు. పైన గదులు, కింద వంటిల్లు, ముందు పొడుగాటి బల్లలు. నానా దేశాలవాళ్ళూ ఉంటారు. ఒకడి భాష ఇంకొకడికి సగమే అర్థమవుతుంది కానీ, ఆమెని వదినా అని పిలవడం మాత్రం అందరికీ వచ్చు. కొడుకు వయసువాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఎవరి అన్నకి పెళ్ళాన్నిరా నేను అని ఆమె నవ్వేది. ఈమధ్య నవ్వడం లేదు.

పై గదిలో వెల్డరు మంచం పట్టాడు. కడుపులో పుండు. ఆస్పత్రివాళ్ళు చెయ్యగలిగింది చేసి పంపేశారు. నాలుగు ముద్దలు లోపలికి పోయి, లేచి కూర్చునే ఓపిక వస్తే ఇంటికి పంపొచ్చు, ఈ స్థితిలో పంపితే దారిలోనే పోతాడు అన్నాడు డాక్టరు. అక్కడ వాళ్ళక్క పక్క వేసి ఎదురుచూస్తోంది. ఇక్కడ వీడు ఏది పెట్టినా గోడవైపు తిరిగిపోతున్నాడు.

డ్రైవరు ఎముకల చారు కాచాడు, జ్వరమొస్తే వాళ్ళమ్మ అదే తాగించేదట. పెయింటరు వేడిపాలలో రొట్టె నానబెట్టి తెచ్చాడు. మేస్త్రీ దుంపలు ఉడికించి వెన్నతో మెదిపాడు. ఎవరికి వాళ్ళు మా అమ్మ చేతి వంటకి చచ్చినవాడైనా లేస్తాడన్నారు. ఏదీ వాడి పెదవి దాటలేదు. వదిన వెన్నలాంటి జావ కాచి తీసుకెళ్ళింది, మళ్ళీ కాచింది, మళ్ళీ కాచింది. అదీ అంతే. తన చేతి కూడు తినక ఒక మనిషి పోతున్నాడన్న బెంగతో ఆమెకి నిద్ర లేదు.

పెయింటరు ఫోను పట్టుకుని మెట్లు దిగాడు. అతనిదీ వెల్డరు గదే, వాడి భాష కాస్త తెలుసు.

"వదినా, వాళ్ళక్క దొరికింది. చిన్నప్పుడు ఏం తినేవాడో అడిగాను."

"ఏమంది?"

"మాడు."

"మాడేమిట్రా?"

"వాళ్ళమ్మ ఏదో క్యాంటీన్‌లో గిన్నెలు తోమేదట. అడుగంటిన జావ చెక్క గీకి కొంగులో కట్టుకొచ్చి, నీళ్ళల్లో నానేసి పెట్టేదట. వీడికి ప్రాణమట అదంటే. మనకి చెప్పడానికి సిగ్గేమో."

వదిన గరిటె పట్టుకునే నిలబడిపోయింది. సెలవురోజుల్లో ఒక్కొక్కడూ ఆమె పొయ్యి లాక్కుని తమ ఇంటి వంట వండి అందరికీ పెట్టేవాళ్ళు. వెల్డరు వంతు వస్తే "వచ్చేవారం, వదినా" అని జారుకునేవాడు. కానీ రోజూ అందరూ తిన్నాక వంటింటి గుమ్మంలో నిలబడి ఖాళీ తపేలాల్లోకి తొంగిచూసేవాడు. "ఏరా, అడుగున బంగారమేమైనా దాచానా?" అని ఆమె ఆటపట్టించేది. తళతళలాడే ఆ అడుగులు చూసి వాడు ఆకలితోనే వెళ్ళేవాడన్నమాట.

ఆమె గిన్నెలు అడుగంటవు. కొత్తకాపురంలో ఒక్కసారి అంటింది. మొగుడు ఆ గిన్నెనీ, ఆమెనీ కలిపి వీధిలోకి గెంటాడు. ఇరుగూ పొరుగూ చూస్తుండగా ఇసకతో దాన్ని తోముతూ కూర్చుంది. మొగుడు పోయాడు, ఇల్లు పోయింది, ఊళ్ళు మారాయి. చెయ్యి మాత్రం ఆ రోజు పట్టుకున్న భయాన్ని వదల్లేదు.

ఇప్పుడు కావాలని మాడ్చాలి. వదిన కొత్తగా జావ పెట్టింది. పొంగు రాగానే చెయ్యి దానంతటదే గరిటె అందుకుంది. చూసుకునేసరికి జావ నున్నగా, తెల్లగా ఉడికిపోయింది. "పాడు చెయ్యి!" అని తిట్టుకుంది. రెండోసారి గరిటె కిటికీ అవతలికి విసిరేసి, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. కళ్ళు మండి, మొహం కడుక్కుని వచ్చేసరికి అడుగు బొగ్గయింది. నాలిక మీద వేసుకుంటే చేదు విషం. ఆ గిన్నె పక్కకి నెట్టి, ఏడుస్తూ ఇంకోటి పెట్టింది. మధ్యాహ్నం భోజనాలకి కూర తరగనే లేదు. ఆ సంగతే పట్టలేదామెకి.

మూడోసారి పీట మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. జావ ఇగిరింది. చిటపటమంది. కమ్మటి మాడు వాసన లేచి, వంటింట్లోంచి బల్లల మీదుగా మెట్లెక్కిపోయింది. వదిన లేవలేదు.

చెక్క ఎర్రగా లేచింది. గీకి గిన్నెలో వేసి, గోరువెచ్చటి నీళ్ళు పోసి పరుగున పైకెళ్ళింది.

పెయింటరు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. "వాసనకి కళ్ళు తెరిచాడు, వదినా. ఎవరు మాడ్చారు అన్నాడు. వదినే అంటే నమ్మలేదు. నవ్వాడు."

"లే నాయనా, తిను," అంది వదిన. చెంచా పెదవుల మధ్య పెట్టింది. నీళ్ళు గడ్డం మీదుగా దిండులోకి కారిపోయాయి. వేళాకోళమేమో అనుకుంది. ఆ మొహంలో నవ్వు ఇంకా పోలేదు మరి. తుడిచి మళ్ళీ పెట్టింది.

"వదినా," అని పెయింటరు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇక వద్దు."

"ఒక్క ముద్దరా, ఒక్కటంటే ఒక్కటి," అంటూ ఆమె మంచం పట్టె మీద తల ఆనించింది. కింద కూలీలు భోజనాలకి వచ్చి ఖాళీ బల్లలు చూసి కేకలేస్తున్నారు. పెయింటరు దుప్పటి వెల్డరు మొహం మీదికి లాగి, వాళ్ళకి చెప్పడానికి దిగివెళ్ళాడు.

స్టూలు మీద గిన్నెలో మాడుచెక్క నీళ్ళు పీల్చుకుని మెల్లగా మెత్తబడుతోంది.