మేమే కట్టిన గోడ

గేటుకు అటుపక్క అంబులెన్సు వచ్చి ఆగింది. ఇటుపక్క కూరగాయల బండి మీద నా మరదలు, నా తమ్ముడి పెళ్ళాం, నొప్పులు పడుతోంది. మధ్యలో తాళం. అన్నలారా, చదువుకుంటున్న పిల్లలారా, ఇంతకంటే చిక్కుముడి కథ నా దగ్గర లేదు. నేను తట్టలు మోసే కూలిదాన్ని. జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

మా కాలనీ గేటు చువ్వల గేటు కాదు, ఏకంగా ఇనప రేకు. లోపలి మనిషి బయటికి కనబడకూడదని అలా పెట్టారు. లోపలివైపు ఇద్దరు, బయటివైపు ఇద్దరు పోలీసులు కాపలా.

“తియ్యవయ్యా, పురిటి మనిషి!” అని అరిచాను.

“తాళంచెవి ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరుందమ్మా. మంత్రిగారి ఊరేగింపు దాటేదాకా తియ్యొద్దని ఆర్డరు. అంతా మీ రక్షణ కోసమే కదా!”

“మా రక్షణ తగలెయ్య! నీకు దండం పెడతాను, ఒక్కసారి ఫోన్ చెయ్ బాబూ.”

చేశాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, చెమటలు కక్కుతూ మళ్ళీ మళ్ళీ చేశాడు. అవతల ఎత్తే దిక్కు లేదు. ఇన్‌స్పెక్టర్ మంత్రి కారు వెంట ఉన్నాడు. ఆ మంత్రి వచ్చింది మాలాంటి మైనారిటీల సంక్షేమ సభకే. మైదానంలోంచి మైకు మా వీధిదాకా వినబడుతోంది. పిల్లల చదువులకు ఫలానా పథకం, ముసలివాళ్ళకు ఫలానా పథకం, బాలింతలకు ఫలానా పథకం అని ఒక ఆడగొంతు తియ్యగా చదువుతోంది. ఒక్కోదానికీ చప్పట్లు.

గోడెక్కించి దాటిద్దామంటే రెండు నిలువుల ఎత్తు, పైన గాజుపెంకులు. నా తమ్ముడు ఇటుకరాయి తీసుకుని తాళాన్ని బాదాడు. ఇటుక పిండయింది కానీ తాళం చెక్కు చెదరలేదు. భుజంతో గేటును గుద్దాడు. గేటు స్తంభం ఇసుమంతైనా కదల్లేదు. ఎలా కదులుతుంది? వాడు తాపీమేస్త్రి. ఆ స్తంభం కట్టింది వాడే.

చీరలు అడ్డం పట్టుకున్నాం. మంత్రసాని ముసలమ్మ లోపలికి చెయ్యి పెట్టి చూసి, “బిడ్డ అడ్డం తిరిగింది తల్లీ, నావల్ల కాదు, డాక్టరు కావాలి” అని తల బాదుకుంది. రేకుకు అవతల నిలబడి అంబులెన్సు నర్సు అరిచి అరిచి చెబుతోంది. ఇలా తిప్పండి, అలా పట్టండి అంటోంది. ఆమె ముఖం కూడా మేం చూడలేదు. ఒట్టి గొంతు. చివరికి ఆ గొంతు కూడా ఏడవడం మొదలుపెట్టింది.

మగబిడ్డ పుట్టాడు. నీలంగా ఉన్నాడు. మూడు నాలుగు సార్లు ఎగపీల్చాడు, అంతే. ఆ తర్వాత తాళంచెవి వచ్చింది. మరదల్ని అంబులెన్సులో ఎక్కించారు, ఆమె బతికింది. నా కొంగులో చుట్టిన బిడ్డను తమ్ముడి చేతుల్లో పెట్టాను. వాడు నా ముఖంలోకి చూసి, “బరువు లేడక్కా” అన్నాడు.

ఇక గోడ సంగతి. ఆ గోడ ఎవరో మా నెత్తిన పెట్టింది కాదు, మేం అడిగి కట్టించుకున్నది. మేం తక్కువమందిమి, మాది వేరే దేవుడు. కొన్నేళ్ళ కిందట బయటినుంచి గుంపు వచ్చి మా వీధి తగలబెట్టింది. ఆ మంటల్లో మా ప్రార్థనా మందిరం పెద్దాయన భార్య పోయింది. అప్పుడు సంక్షేమ శాఖ అధికారి వచ్చి, “చట్టం మీ పక్షాన ఉంది, మీది రక్షిత కాలనీగా ప్రకటిస్తున్నాం” అన్నాడు. మైనారిటీ నిధులతోనే చుట్టూ గోడ, మా మేస్త్రిలకే పని. మేం చప్పట్లు కొట్టాం. ఒట్టిపోయిన ఆవుకు పచ్చగడ్డి వేస్తే తోక ఊపదా? మేమూ అంతే.

కాంట్రాక్టరు రాగానే తన బుద్ధి చూపించాడు. గోడకు కలిపే మాలులో సిమెంటు తగ్గించి ఇసుక దట్టించమన్నాడు. మేస్త్రిలు తాపీలు కిందపెట్టారు.

“ఎవడి డబ్బు మింగుతున్నావు? ఇది మా పిల్లల గోడ! సిమెంటు లెక్కప్రకారం పడాలి!” అన్నాడు నా తమ్ముడు.

“గోడ కడుతున్నారా, కోట కడుతున్నారా?” అని ఎగతాళి చేశాడు కాంట్రాక్టరు.

“కోటే!”

ఇటుకలు మోసేవాళ్ళు బయటి బస్తీవాళ్ళు, మా మతంవాళ్ళు కాదు. వాళ్ళ ముఠాకు పెద్ద ఒక లావుపాటి మనిషి, అందరూ బండోడనే పిలుస్తారు. “మీ గోడ, మీ గొడవ. కానీ నెత్తిమీద తట్ట దించమంటే నేను వద్దంటానా?” అని నవ్వి తన మనుషులతో సహా మా పక్కన కూర్చున్నాడు. రెండు రోజుల్లో కాంట్రాక్టరు దిగొచ్చాడు. మా బతుకులో మేం గెలిచిన మొదటి పోరాటం అదే. ఇక చూడండి మా సంబరం! ఆడవాళ్ళం బిందెలతో పొద్దున్నా సాయంత్రం గోడ తడిపాం. కొత్త పెళ్ళికూతురు నా మరదలు అందరికంటే ముందుండేది. పగుళ్ళు రాకూడదని, గట్టిపడాలని, పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు పోసింది.

గోడ బ్రహ్మాండంగా వచ్చింది. మొదట్లో తాళంచెవి పెద్దాయన దగ్గరే ఉండేది. ఎక్కడో ఏదో పుకారు లేచిందని పోలీసులు ఒక రోజు తీసుకున్నారు. తీసుకున్నది తిరిగి ఇవ్వలేదు. ఆ తర్వాత ఎవడు ఊరేగినా, ఎవడు సభ పెట్టినా మా గేటుకు తాళం పడేది. కంచె చేనును మేస్తోందని మాకు తెలియడానికి ఒక పసివాడి ప్రాణం కావలసి వచ్చింది.

బిడ్డను మట్టిలో పెట్టిన మర్నాడు సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్ళాం. అధికారి చెడ్డవాడు కాదు, మంచినీళ్ళు ఇప్పించాడు, పాపం అన్నాడు.

“మాకు పాపాలు వద్దు సార్, తాళంచెవి ఇప్పించండి” అన్నాను.

“అది కుదరదమ్మా. రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పేదెవరు?”

“మొన్న జరిగినదానికి ఎవరు చెప్పారు?”

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఆవేశపడి గోడ మీద చెయ్యి వేశారనుకోండి, రక్షిత కాలనీ హోదా పోతుంది. హోదా పోతే పిల్లల స్కాలర్‌షిప్పులు, ముసలివాళ్ళ పింఛన్లు అన్నీ పోతాయి. నేనేం చెయ్యలేను, ఆలోచించుకోండి” అన్నాడు. బెదిరింపు కూడా సలహాలాగే ఇస్తారు వీళ్ళు. మా చదువు, మా ముద్ద మా హక్కుగా చట్టంలో రాసుకున్నవి. వాటిని తీసుకెళ్ళి ఆ గోడకు కట్టేశారు.

ఆ సాయంత్రం ప్రార్థనా మందిరం ముందు అందరం కూర్చున్నాం. గేటు పక్కన అంబులెన్సు పట్టేంత మేర గోడ పడగొట్టాలని మేస్త్రిలన్నారు. పెద్దాయన లేచాడు.

“గోడ లేనప్పుడు ఏమైందో మీరు మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు. నా ఇల్లాలిని నేను గుర్తుపట్టింది చేతిగాజులను బట్టి. వద్దురా నాయనా!”

ఎవరికి నోరొస్తుంది ఆయనకు ఎదురు చెప్పడానికి? ఆయన దుఃఖం అబద్ధం కాదు. నర్సింగు చదువుతున్న మా వీధి దర్జీ కూతురు కూడా లేచింది. “నాకు ఇంకో ఏడాదే ఉందత్తా. స్కాలర్‌షిప్పు ఆగితే చదువు ఆగిపోతుంది. అందరి కోసం నన్నే ముంచుతారా?” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “నీ చదువు దేనికే, మా శవాలకు సూదులు పొడవడానికా?” అనేశాను. పిల్ల ఏడ్చింది. నా నోరు అంతే, తొందరెక్కువ. దర్జీ లేచి నామీదికి వచ్చాడు, నా తమ్ముడు అడ్డం వెళ్ళాడు, నలుగురూ అరుచుకున్నారు. ఇనప గేటుకు అవతల పోలీసులు వింటూ నవ్వుకుంటున్నారు. వాళ్ళకు కావలసింది అదే మరి.

అప్పుడు మరదలు ఇంట్లోంచి లేచి వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చిందే కానీ ఇంకా మంచం దిగకూడదు. రవిక ముందంతా తడిసిపోయి ఉంది.

“పాలు ఆగట్లేదు వదినా” అంది నాతో, అందరూ వినేలా. “ఎవరికీ చెప్పుకోలేక లోపల కూర్చున్నాను. ఈ వీధిలో కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. వాళ్ళకు నొప్పులొచ్చిన రోజు ఏ మంత్రీ రాడని ఎవరైనా మాటివ్వండి. ఇస్తే నోరుమూసుకుని పోయి పడుకుంటాను.”

ఎవరూ మాటివ్వలేదు, తెల్లారితే గోడ కొట్టాలని తేలింది. పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. మందిరం లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు తెల్లారి పనికి వెళ్ళే వేళకు సమ్మెటలు, గునపాలు తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాం. అంతమందిని చూసి లోపలి పోలీసులు అడ్డం రాలేదు, ఫోన్లు అందుకున్నారు. మొదటి దెబ్బ నా తమ్ముడే వేశాడు. సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. గోడమీద గీత పడింది, అంతే. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. మేస్త్రిలందరూ వరసగా నిలబడి కొట్టారు. చేతులు బొబ్బలెక్కాయి. కాంట్రాక్టరు చెప్పినట్టు ఇసుకతో కట్టి ఉంటే తన్నితే పడిపోయేది కదా! తమ్ముడు సమ్మెట కింద పడేసి గోడకు నుదురు ఆనించాడు.

“ఎందుకింత గట్టిగా కట్టానక్కా? వాడు తక్కువ వెయ్యమన్నప్పుడు తక్కువ వేసి చావొచ్చుగా?”

బిడ్డ పోయినప్పుడు ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. మీసాలొచ్చిన మగాళ్ళు అందరూ ఏడ్చారు. తమ పనితనాన్ని తిట్టుకుంటూ ఏడ్చే మేస్త్రిలను మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆ పాపం ఎవరిదో వాళ్ళకు ఏ నరకమూ చాలదు.

ఆ ఏడుపులో అవతలినుంచి దెబ్బ వినబడింది. అందరం భయపడి వెనక్కి జరిగాం. గుంపు వచ్చిందనుకున్నాం. ఒక ముసలమ్మ పిల్లల్ని లాక్కుని లోపలికి పరిగెత్తింది.

“ఒరే మేస్త్రీ! బండోణ్ణిరా! ఒక్కవైపే కొడితే సంక్రాంతికి కూడా పడదు!” అని అవతలి గొంతు అరిచి, మాకు ఆ పండగ లేదని గుర్తొచ్చినట్టు ఆగి, “అదే, ఏడాదికి కూడా పడదు! మేం ఇటు కొడతాం, మీరు అటు కొట్టండి!” అంది.

అవతలి పోలీసు కసిరాడు. “మీకేంరా పని? వాళ్ళు వాళ్ళు. పొండి!”

“ఈ ఇటుకలన్నీ మా నెత్తిమీద ఎక్కినవే సార్. మొన్న ఆ అంబులెన్సు పక్కనే నిలబడ్డాం మేం. ఆ తల్లి అరుపులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అడ్డం లే!”

రెండువైపులా దెబ్బలు పడ్డాయి. మొదటి ఇటుక కదిలేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కన్నం పడింది, కన్నం పెద్దదయింది. అంబులెన్సు పట్టేంత అయ్యాక ఆపేశాం. అంతకుమించి ఒక్క ఇటుక ముట్టుకోలేదు. అప్పటికి పోలీసు బండ్లు వచ్చాయి. నన్ను, తమ్ముణ్ణి, మేస్త్రిలను, బండోణ్ణి లాఠీలతో కొట్టి ఎక్కించారు.

స్టేషన్‌లో తెలిసింది మామీద కేసేమిటో. మైనారిటీల రక్షణ కోసం కట్టిన ఆస్తిని ధ్వంసం చేశామట, మైనారిటీల రక్షణ చట్టం కిందే మమ్మల్ని లోపల వేశారు! మా ఇళ్ళు కాలినప్పుడు ఒక్కడిమీద కూడా పెట్టని చట్టం. దానికో చిక్కుంది. ఫిర్యాదు ఇచ్చే బాధితులు మా మతంవాళ్ళే కావాలి. ఇన్‌స్పెక్టర్ పెద్దాయనను పిలిపించాడు. గోడ పగలగొట్టొద్దన్న మనిషి కదా, సంతకం పెడతాడని లెక్క.

“గోడ పోయిందని నేను ఏడుస్తాను. నా ఇంట్లో కూర్చుని ఏడుస్తాను. నీ కాగితం మీద ఏడవను” అని పెద్దాయన వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

వీధంతా తిరిగినా ఫిర్యాదు ఇచ్చేవాళ్ళు దొరకలేదు. మూడో రోజు పొద్దున నా మరదలు దారిలో గోడలు పట్టుకుని నడుస్తూ స్టేషన్‌కు వచ్చింది. వెనకాల వీధి ఆడవాళ్ళు, దర్జీ కూతురు, బండోడి పెళ్ళాం. చువ్వల వెనకనుంచి నేను అంతా చూశాను.

“మైనారిటీ బాధితులు కావాలన్నారట. వచ్చాను, రాసుకోండి” అంది.

ఇన్‌స్పెక్టర్‌కు ప్రాణం లేచొచ్చింది. కుర్చీ వేయించాడు. “చెప్పమ్మా, ఎవరికి నష్టం జరిగింది?”

“నా కొడుక్కి.”

“కొడుకా? గోడ సంగతి కదమ్మా…”

“గోడ సంగతే. తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుపోయినవాళ్ళ మీద ఫిర్యాదు. మా రక్షణకు చట్టం ఉందన్నారుగా, ఆ చట్టం కిందే రాయండి.”

అతను విసుగ్గా కలం తీశాడు. ఊరికే అడిగి పంపేద్దామనుకున్నట్టుంది. “బాధితుడి పేరు?”

“పేరు పెట్టేదాకా బతకనిచ్చారా సార్?”

అతను కలం మూసేశాడు. పేరు లేకుండా ఫిర్యాదు తీసుకోవడం కుదరదు, ఇంటికి వెళ్ళమన్నాడు. మరదలు కుర్చీ పక్కకు జరిపి నేలమీద కూర్చుంది. పక్కన దర్జీ కూతురు కూర్చుంది. ఆడవాళ్ళందరూ కూర్చున్నారు. లాఠీలు చూపించారు, లేవలేదు.

నన్ను నిన్న బెయిలు మీద వదిలారు. తమ్ముడూ బండోడూ ఇంకా లోపలే ఉన్నారు. స్కాలర్‌షిప్పులు ఆపేశామని నోటీసు అంటించారు, పగిలిన గోడకు కొత్త కాంట్రాక్టరును పిలిచారు. మీ ఊళ్ళలోనూ మా గోడలాంటివి ఉన్నాయని విన్నాను, అందుకే ఇంటికి పోకుండా ముందు మీ దగ్గరికి వచ్చాను. మా ఆడవాళ్ళు ఇంకా కూర్చునే ఉన్నారు, స్టేషన్ లోపల చోటు నిండిపోయింది, మనం రోడ్డు మీద కూర్చోవాలి. ఆ పసివాడి ఫిర్యాదు రాసుకునేదాకా లేచేది లేదు. లేవండి, పోదాం.