ఇసుకగుంటలో కిరీటం

మా పురావస్తు పార్కులో ఇంతవరకూ తవ్వకాల్లో దొరికినవన్నీ కుండపెంకులే. ఏ కాలంలోనో అక్కడ ఒక చిన్న ఊరుండేది. ఆ ఊరి జనం వండుకున్నారు, తిన్నారు, కుండలు పగలగొట్టుకున్నారు, పోయారు. కిరీటం పెట్టుకున్నవాడెవడూ అటువైపు తొంగిచూసిన దాఖలా లేదు. ఈ సంగతి గేటు పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ బోర్డు చదివిన ప్రిన్సిపాల్ నాకింకా తారసపడలేదు.

బడిపిల్లల విజ్ఞానయాత్రలు ఏర్పాటు చేయడం నా పని. ఏ బస్సు ఎప్పుడొస్తుంది, ఏ తరగతి ముందు ఎటు నడవాలి, ఎక్కడ కూర్చుని అన్నాలు తినాలి, అన్నీ నేనే చూసుకోవాలి. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగించేది డైరెక్టరు గారు. చేరిన కొత్తలో షెడ్డు వెనక పెద్ద ఇసుకగుంట ఒకటి చేయించి, పరిశోధనకు పనికిరావని పక్కన పడేసిన పెంకులు కొన్ని అందులో పాతిపెట్టించాను. పిల్లలు చిన్న తాపీలతో తవ్వుతారు. కొందరికి పెంకు దొరుకుతుంది, కొందరికి ఇసుకే దొరుకుతుంది. వెతకడమంటే ఏమిటో వాళ్ళ చేతులకు తెలియాలని నా ఆశ.

ఆ ఆశ పెద్దవాళ్ళకు గిట్టలేదు. టికెట్టు కొన్న పిల్లాడికి ఏమీ దొరక్కపోవడం ఏమిటని గొడవ చేశారు. సరే, తలా ఒకటి వచ్చేలా పాతించాను. పెంకులు మరీ చిన్నగా ఉన్నాయన్నారు. పెద్దవి పాతించాను. ఇక ఒక ప్రిన్సిపాల్ గారు ఫస్టు ర్యాంకు వాళ్ళకూ చివరి ర్యాంకు వాళ్ళకూ ఒకేరకం పెంకు దొరికితే చదువుకు విలువేముందని అడిగారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఈ ఏడు యాత్ర గురించి మాట్లాడటానికి ఆవిడే స్వయంగా వచ్చారు. డైరెక్టరు గారి గదిలో కూర్చున్నాం. వాళ్ళ బడి చైర్మన్ గారి మనవడు ఆరో తరగతిలో ఉన్నాడట, చైర్మన్ గారు కూడా వస్తున్నారట, ఆయన మనసు కుదిరితే మా గుంటకు పైకప్పు వేయిస్తారట. కాబట్టి ఆ బాబుకు కాస్త చెప్పుకోదగ్గది దొరకాలి. డైరెక్టరు గారు క్షణమైనా ఆలోచించకుండా కిరీటం అన్నారు. ఇక్కడ కిరీటం ఎప్పుడూ దొరకలేదు సార్ అన్నాను.

"దొరకలేదు కాబట్టే దొరికితే బాగుంటుందమ్మా," అన్నారాయన, బల్ల మీది గాజు పేపర్‌వెయిట్ తిప్పుతూ. దాని కింద ఉన్నది నా పొడిగింపు కాగితం. నాకు కనబడాలనే తిప్పారు.

ఇంటికెళ్ళి మా ఆయన దగ్గర కడుపుమంట వెళ్ళగక్కాను. ఆయన బైకు మెకానిక్కు, నా చరిత్రకూ ఆయనకూ చుక్కెదురు. "కిరీటం పాతిపెట్టమన్నారు, నెత్తిన పెట్టుకోమనలేదుగా. పాతేసి రా," అని పళ్ళెం ముందుకు జరుపుకున్నారు.

నాటకాల సామాన్లు అద్దెకిచ్చే దుకాణంలో తెచ్చాను. రేకు కిరీటం, గాజురాళ్ళు, లోపల ఎందరు రాజుల తలనూనె వాసనో. గుంట మూల పాతి, పైన గుర్తుగా నీలం గులకరాయి పెట్టి, ప్రిన్సిపాల్ గారికి చూపించాను. నా బతుక్కి ఇదొక చరిత్ర సేవ.

యాత్ర రోజు అందరూ వచ్చారు. మనవడు చెడ్డవాడేం కాదు. తెల్ల బూట్లు, నిద్రమొహం, ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అన్న చూపు. డైరెక్టరు గారూ చైర్మన్ గారూ షెడ్డులో చల్లటివి తాగుతుంటే, వాడు తాతయ్య పక్కనే కుర్చీలో అతుక్కుపోయాడు. ఇక్కడే ప్రిన్సిపాల్ గారి బుర్ర పాదరసంలా పనిచేసింది. ముందురోజు చినుకులకు ఇసుక గట్టిపడింది కదా, బాబు చేతులు కందిపోతే? ఇంకెవరితోనైనా ఆ మూల కాస్త గుల్ల చేయిస్తే, బాబు వచ్చి సుఖంగా తవ్వుకుంటాడు. అలా ఆలోచించి ఒక అమ్మాయిని పిలిచారు. ఒకచోట నిలవదని తరగతంతా ఆ పిల్లను బొంగరం అంటారు. బెంచీలు జరపాలన్నా, బోర్డు తుడవాలన్నా ఆ పిల్లే. ఆ మూల వద్దండీ అని నేను అనబోయాను. మీరుండండి అన్నారావిడ.

ఉన్నాను. తాపీ రేకుకు తగిలి ఖంగుమంది.

బొంగరం రెండు చేతులతో తవ్వి, కిరీటాన్ని పైకెత్తి, ఒళ్ళో పెట్టుకుని ఇసుక ఊదింది. ఎన్నో బడుల పిల్లల్ని చూశాను గానీ, కదలకుండా కూర్చున్న ఆ పిల్ల మొహంలాంటిది ఆ గుంటలో అంతకుముందు చూడలేదు. అది అద్దె రేకని తెలిసిన నేను కూడా వంగి చూశాను.

ప్రిన్సిపాల్ గారు మాత్రం పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గుంటలోకి దిగారు. కిరీటం లాక్కున్నారు, మళ్ళీ పాతారు, ఇసుక చదును చేశారు, నీలం రాయి యథాస్థానంలో పెట్టారు. ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషి నా దగ్గర ఒక్కరూ లేరు. మీరేమీ చూడలేదు కదా అని పిల్లల్ని అడిగారు. లేదు మేడమ్ అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది. పాఠాలు కూడా ఇంత బాగా అప్పజెప్పి ఉండరు. తర్వాత మనవణ్ణి తీసుకొచ్చారు. వాడు రెండు వేళ్ళతో కిరీటం బయటికి లాగాడు. చప్పట్లు, ఫొటోలు.

చివర్లో పిల్లలంతా వరసగా నిలబడి తమకేం దొరికిందో చెప్పడం నేను పెట్టిన అలవాటు. పెంకు, పెంకు, కిరీటం, పెంకు. బొంగరం వంతు వచ్చింది.

"నాకు కిరీటం దొరికింది. తర్వాత మా మేడమ్ దాన్ని మళ్ళీ పాతేశారు."

చైర్మన్ గారు నావైపు తిరిగారు. "ఏంటమ్మా, ఎవరికి దొరికింది?"

డైరెక్టరు గారి చూపు నా మీద పడింది. పేపర్‌వెయిట్ కింది కాగితం కళ్ళముందు మెదిలింది. అయినా నోరు ఆగలేదు.

"ఆ అమ్మాయికే దొరికిందండి. లాక్కుని మీవాడికిచ్చారు."

ఉద్యోగం పోయిందనుకున్నాను. చైర్మన్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "రాజులైనా అంతేగా మరి," అన్నారు. ఆయన నవ్వారు కాబట్టి ప్రిన్సిపాల్ గారూ నవ్వారు, ఆవిడ నవ్వారు కాబట్టి డైరెక్టరు గారూ నవ్వారు. పైకప్పు ఖాయమైంది. నా కాగితం మీద సంతకం అయిపోయిందని డైరెక్టరు గారు చెవిలో చెప్పి, రేపటి బడివాళ్ళు కూడా కిరీటం అడిగారనీ, వాళ్ళ హెడ్మాస్టరు మేనకోడలికి అదే మూలలో దొరకాలనీ చెప్పారు. గుండె దిటవు చేసుకుని చెప్పిన నిజం అంత సులువుగా నవ్వులో కలిసిపోయినందుకు ఒళ్ళు మండింది, ఉద్యోగం పోయినా అంత మండేది కాదు.

మనవడు కిరీటం కంపు కొడుతోందని బెంచీ మీద పడేసి పోయాడు. పిల్లలు బస్సు ఎక్కుతుంటే బొంగరం వెనక్కి వచ్చింది.

"మరి నాకు దొరికినట్టా, దొరకనట్టా మేడమ్?"

ఆ మాటకు జవాబు నేను ఒకసారి చెప్పాను, అది ఎందుకూ కొరగాలేదు. కిరీటం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాను. నీలం రాయి తీసి గోడ అవతలికి విసిరేశాను.

"గుంటలో నీకిష్టమైన చోట పాతిపెట్టు. ఎక్కడో నాకు చెప్పకు," అని అటు తిరిగి నిలబడ్డాను.

వెనక ఇసుక చప్పుడు చాలాసేపు వినబడింది. బస్సు హారన్ మోగింది, ప్రిన్సిపాల్ గారు కేక వేశారు, ఆ పిల్ల పరుగెత్తింది. తిరిగి చూస్తే గుంటంతా ఒక్కలాగే చదునుగా ఉంది. అది తవ్వించిన నాటినుంచి, అందులో ఏది ఎక్కడుందో నాకు తెలియని రోజు అదొక్కటే.

సాయంత్రం డైరెక్టరు గారు ఫోన్ చేసి, రేపటికి అంతా సిద్ధమేనా అన్నారు. సిద్ధమే అన్నాను.

"కిరీటం ఎక్కడ పెట్టావమ్మా?"

"గుంటలోనే ఉంది సార్."

"గుంటలో ఎక్కడ?"

"తవ్వితే తెలుస్తుంది సార్," అన్నాను.