శనివారపు మైనం

ఈనోక్ హోల్డెన్ మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, డ్రిల్ హాలు చెక్కనేల మీద మైనం తురుము చల్లి, గుడ్డతో రుద్దుతూ వెనక్కి జరుగుతున్నాడు. మధ్యమధ్యలో లేచి వీధి తలుపు దాకా వెళ్ళి వస్తున్నాడు. అక్కడ చూడడానికేమీ లేదు. మిల్లుల పొగ, వానలో తడుస్తున్న బస్టాపు. అయినా కాలు ఒక చోట నిలవడం లేదు.

సాయంత్రం కవాతు అయ్యాక పటాలం మేజర్ థార్ప్ కౌన్సిల్ వాళ్ళ దగ్గర అతని సంగతి ఎత్తుతానన్నాడు. ఇది ఆఖరి కవాతు. సర్కారు పటాలాన్ని రద్దు చేసింది, హాలును టౌన్ కౌన్సిల్ కొనుక్కుంది. కౌన్సిల్ ఒప్పుకుంటే ఈనోక్ కాపలాదారుగానే ఉంటాడు, గేటు పక్క రెండు గదుల ఇల్లూ నిలుస్తుంది. లేకపోతే బ్లాక్‌పూల్‌లో చెల్లెలి ఇంటి వెనకగదే గతి. చెల్లెలు మంచిదే. ఆమె మొగుడే, ఎవరైనా తన కుర్చీ వంక చూసినా మొహం ముడుచుకునే రకం.

విక్టోరియా రాణి కాలంలో, ఫ్రెంచివాళ్ళు వచ్చిపడతారని బెదిరిన మిల్లు యజమానులు చందాలేసుకుని కట్టించిన హాలది. ముందువైపు కోటలా రెండు ఎర్రిటుక బురుజులు, వాటికి బాణాలు వేసే సన్నటి సందులు. ఫ్రెంచివాళ్ళు రాలేదు గానీ పావురాలొచ్చాయి. లోపల మాత్రం వేళాకోళం లేదు. ఒక్క స్తంభమైనా లేకుండా ఇనుప కమానులు ఈ గోడ నుంచి ఆ గోడకు దూకుతాయి. ఆ కప్పు కిందే ఈనోక్ అన్న కవాతు నేర్చుకుని, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఫ్రెంచివాళ్ళ పక్షానే పోరాడి, వాళ్ళ మట్టిలోనే కలిసిపోయాడు. ఈనోక్‌కు వయసొచ్చేసరికి ఛాతీ చాలదని తుపాకీ ఇవ్వలేదు, చీపురిచ్చారు. ఆ సిగ్గు దిగమింగుకునే ఇన్నేళ్ళూ ఊడ్చాడు.

మంగళవారం కవాతు, శనివారం డాన్సు. కవాతుకు నేలను ఇసుకతో తోమి గరుకుగా ఉంచాలి, డాన్సుకు మైనం పట్టించాలి. ఇది ఎన్నడూ తప్పలేదు. ఆఖరి కవాతని మేజర్ ఈసారి శనివారం పెట్టించాడు. మేజర్ ఏం చెబుతాడో, కౌన్సిల్ వాళ్ళేమంటారోనని మనసు గింజుకుంటూంటే, ఈనోక్ చేతులు వాటి శనివారపు పని అవి చేసుకుపోయాయి.

సాయంత్రం మేకుల బూట్లతో పటాలం లోపలికొచ్చింది. పై వసారాలో ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య కౌన్సిల్ తరఫున వచ్చిన డకర్త్ అమ్మగారు.

"ఏం పెద్దాయనా, నేలలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చే!" అన్నాడు సార్జెంట్ ఫీల్డెన్.

ఈనోక్ అప్పుడే నేల వంక చూశాడు. "ఆగండి, ఆగండయ్యా" అన్నాడు గానీ, అప్పటికే మేజర్ కేక పడింది. ముందు వరుస తిరగబోయి గంపలోని బంగాళాదుంపల్లా దొర్లింది. మేజర్ వెల్లకిలా పడ్డాడు.

మేజర్ లేవలేదు, పైకి చూస్తున్నాడు.

"ఈనోక్, ఇన్నేళ్ళు ఇక్కడ గొంతు చించుకున్నాను. ఈ కప్పు వంక ఒక్కసారైనా చూశానా? ఎంత బాగుందయ్యా!"

పటాలం పడిపడి నవ్వింది. కౌన్సిలరమ్మ నవ్వలేదు. కిందికి దిగొచ్చింది.

"మీరు చెప్తానన్నది ఈయన గురించేనా, మేజర్ గారూ?"

"ఈయన గురించే. ఇంతకన్నా మంచిమనిషి మీకు దొరకడు."

"చెడ్డవాడని ఎవరన్నారు? రేపు ఇక్కడ పిల్లలు ఆడుకుంటారు. ఏ పిల్లదో నడుం విరిగితే ఎవరు జవాబు చెప్తారు?"

ఈనోక్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"ఇవాళ శనివారం కదండీ, అమ్మగారూ" అన్నాడు.

"అవును, శనివారమే" అందామె, జాలిగా.

సోమవారం పొద్దున్నే ఈనోక్ తాళంచెవి కౌన్సిల్ ఆఫీసులో ఇచ్చి బ్లాక్‌పూల్ బస్సెక్కాడు. గేటు పక్క ఇంట్లో గోడలు బోసిగా ఉన్నాయి. పొయ్యిలో మాత్రం బూడిద ఎత్తేసి, అడుగున పాత పేపరు ఉండలు, వాటి మీద పుల్లలు, పైన బొగ్గు, రోజూలాగే సాయంత్రం చలిమంటకు సిద్ధంగా పేర్చి ఉంది.