ఊరు ఒప్పుకుందన్న మాట

మూడు రోజులుగా ఎలీయేజరు మేస్టారు నిలబడే ఉన్నాడు. అరకు లోయలోని బంగళాలో పద్నాలుగు మంది అర్థశాస్త్ర పండితులు కుర్చీల్లో కూర్చుని ఇంగ్లీషులో వాదించుకుంటుంటే, సాక్ష్యానికి వచ్చిన కొండవాళ్ల మాట అటూ, పండితుల మాట ఇటూ చేరవేయడం ఆయన పని. కొండ మాట ఆ పండితులకు ఒక్క ముక్క అంతుబట్టదు. మిషను బడి నడుపుతూ పదకొండేళ్లుగా పక్క పల్లెలోనే ఉంటున్నాడు గనక ఆయన్ను పిలిపించారు. పందొమ్మిది వందల ఇరవై ఎనిమిది, ఏప్రిల్ నెల. మైదానంలో ఎండలని మహాసభను కొండ మీదికి తెచ్చారు గానీ, చల్లదనం పండితుల బుర్రలకు ఎక్కలేదు.

సభ విషయం కట్టుబాట్ల అర్థశాస్త్రం, తక్కిన మతాలతో, అంటే సిద్ధాంతాలతో, దానికున్న పొత్తు. మతాలంటే దేవుళ్ల సంగతనుకుని వంటమనిషి, ఎవరేం తినరో ముందే చెప్పమన్నాడు. అమెరికాలో చదివొచ్చిన సూర్యనారాయణ గారిది కట్టుబాట్ల మతం. మనిషి బేరమాడేది కూడా తన ఊరి కట్టుబాటు గీసిన గీత లోపలే అంటారాయన. వరహాలరావు గారిది ధర మతం. ధర పెంచుతూ పోతే ఏ కట్టుబాటైనా ఎక్కడో తెగక తప్పదంటారు. ఆబోతుల పోట్లాటలో లేగదూడ కాళ్లు విరిగినట్టు, మధ్యలో మేస్టారి కాళ్లు వాచాయి. పైగా జ్వరం. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మూడో నాడు భోజనాల వేళ దాటిపోతుండగా, ఎవరి మతం నిజమో తేల్చుకుందామని బంగళాకు నీళ్లు మోసే బుద్రిని పిలిచారు. మొగుడు పోయిన మనిషి, పిల్లలిద్దరూ మేస్టారి బడిలోనే చదువుతున్నారు. బంగళా పక్కన ఆమె మామిడిచెట్టు కాయలతో వంగి ఉంది. ఊరంతా కలిసి కొత్త మామిడి పండుగ చేసి, చనిపోయిన పెద్దలకు పెట్టుకునేదాకా అక్కడెవరూ కాయ కోయరు, తినరు, ఇవ్వరు. పండుగకింకా ఎనిమిది రోజులున్నాయి.

"ఒక్క కాయకు అణా ఇస్తానని చెప్పండి," అన్నారు వరహాలరావు గారు. బుద్రి తల అడ్డంగా ఊపింది. రూపాయి అన్నారు. ఐదు అన్నారు.

"డబ్బులిత్తే పండగ బేగి వచ్చేత్తాదేటి," అని నవ్వింది బుద్రి. మేస్టారు అది ఇంగ్లీషులో చెప్పగానే సూర్యనారాయణ గారు సంతోషంతో బల్ల చరిచారు. వరహాలరావు గారు పది అన్నారు. పదిహేనూ ఇరవై కూడా వస్తాయని మేస్టారికి తెలుసు. కళ్లు తిరుగుతున్నాయి.

బుద్రి ఆయన వైపు తిరిగింది. "ఈలు ఇంతలా అడుగుతున్నారంటే, ఇమ్మని ఊరు ఒప్పుకుందేటి, మేస్టరు బావూ?"

లేదనాలి. పదకొండేళ్లలో ఆ పల్లెలో ఆయన ఒక్క అబద్ధం ఆడలేదు. కానీ కాసేపు కూర్చోవాలని ప్రాణం లాగేస్తోంది.

"ఒప్పుకుంది," అన్నాడు.

ఆమె ఏమడిగిందని పండితులు అడిగితే, "ఇస్తానంది," అని ఊరుకున్నాడు.

బుద్రి రెండు కాయలు కోసుకొచ్చి ఇద్దరి చేతుల్లోనూ చెరొకటి పెట్టింది. రూపాయలు ముట్టుకోలేదు. "ఊరు ఇమ్మంటే ఇత్తాం గానీ అమ్ముకుంటామేటి," అని వెళ్లిపోయింది. కట్టుబాటు తెగిందని వరహాలరావు గారూ, ధర ఓడిందని సూర్యనారాయణ గారూ రాసుకున్నారు. ఇద్దరూ గెలిచారు గనక భోజనానికి లేచారు.

మర్నాడు పండితుల బళ్లు కొండ దిగిపోయాయి. ఆ పూటే పల్లె పెద్దలు కూర్చుని బుద్రికి తప్పు వేశారు. ఆమె ఊరంతటికీ ఒక పూట కూడు పెట్టాలి, పెట్టేదాకా ఆమె వెలిలో ఉన్నట్టే, ఎవరూ ఆమె ఇంటికి నిప్పివ్వరు. మేస్టారు చెబితే కోశానని ఆమె పెద్దల ముందు ఒక్క మాటైనా అనలేదట. అది విన్నాక ఆయనకు జ్వరం కన్నా సిగ్గే ఎక్కువ మండింది. కర్ర పట్టుకుని పల్లె పెద్ద సోంబరు ఇంటికి నడిచాడు.

"సోంబరు మావా, ఊరు ఒప్పుకుందని నేనే అబద్ధం సెప్పినాను. తప్పు నాకెయ్యండి. ఊరికి కూడు నేనెడతాను."

సోంబరు దుంపలు చెక్కుతూ తలెత్తాడు. మొహంలో కోపం లేదు.

"నువ్వే సెప్పినావని మాకు తెల్సు బావూ. ఇంకెవులు సెప్తే బుద్రి కోత్తాది?"

"మరైతే నాకే ఎయ్యండి."

"నీకెలాగేత్తాం?" సోంబరు కత్తి పక్కన పెట్టి నిజంగానే ఆలోచించాడు. "తప్పు ఊరోలికే ఏత్తారు. తప్పు కట్టినోలు మల్లీ ఊర్లో కలుత్తారు. బుద్రి కట్టేత్తాది, కలిసిపోతాది. నువ్వు ఊరోడివి కావు గదా."

"పదకొండేళ్లయింది మావా," అన్నాడు మేస్టారు.

"అవును బావూ," అన్నాడు సోంబరు ఎంతో మర్యాదగా. "మా గుంటలకి అచ్చరాలు సెప్పినావు. మంచోడివి. నీకే తప్పూ లేదు, ఎల్లి తొంగో."