దంత్యాలు

అన్నవరం కొండ మీద వ్రతాలు చేయించే మార్కండేయులు గారి ముందుపన్ను మీద ఓ నల్లగీత కనిపించింది. కనిపెట్టింది ఆయనే, అద్దంలో. పన్ను నిలువునా పగిలిందని తేల్చిందీ ఆయనే. పన్ను పీకేస్తే త, ద, న, ల, స నోట పలకవు. అవి పలకకపోతే సత్యనారాయణ స్వామి పేరే సరిగ్గా రాదు. ఇక తనచేత వ్రతం చేయించుకునేదెవరని బెంగ పెట్టుకుని కొండకి సెలవు పెట్టేశారు.

అంతటితో ఊరుకుంటే మార్కండేయులు గారెందుకవుతారు! పన్ను ఊడిపడకుండా ఇంట్లో ఆ అక్షరాలు వాడడం మానేశారు. నీళ్లు కావాలంటే చెంబు చూపించడం, అన్నం కావాలంటే కంచం చూపించడం. భార్యని పిలవడానికి మాత్రం ఇబ్బంది రాలేదు. పెళ్లయిన నాటి నుంచీ "ఏమోయ్" అనే పిలుస్తున్నారు. అందులో పంటితో పనిలేదు.

ఆ భార్య సీతారామలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. పైకి కసురుకుంటోంది గానీ లోపల భయమే. వ్రతకథ చెప్పకపోతే ఈ మనిషి ఏమైపోతారు? రాజమండ్రిలో పళ్ల డాక్టరు అలేఖ్య దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరు పెన్నులాంటి కెమెరా తీసింది. ఆయన నోరు గట్టిగా మూసేశారు.

"పీకనండి బాబూ. పంటికి పక్కనుంచి లైటు వేసి ఫొటో తీస్తాను, అంతే."

ఆయన కెమెరా వైపు చూసి, భార్య వైపు చూసి, మొహం చిట్లించారు. ఇన్నేళ్ల కాపురం కదా, ఆవిడకి అర్థమైపోయింది.

"ఎవరెవరి నోట్లో పెట్టారో, ఎంగిలి కదా అంటున్నారమ్మా."

"శుభ్రం చేసి కొత్త తొడుగు వేశానండి."

"ఇంకేంటండి, లైటుకి కూడా ఎంగిలేనా? తెరవండి నోరు!" అంది సీతారామలక్ష్మి.

తెరిచారు. తెర మీద పన్ను లాంతరు గాజులా వెలిగింది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

"లోతుగా పగిలితే వెలుగు ఆ పగులు దగ్గరే ఆగిపోతుందండి," అంది డాక్టరు. "మీకు ఇటునుంచి అటుదాకా వెళ్లింది, చూడండి. ఇది పైపై గీతే. అందులో వక్క మరక దిగింది. పీకక్కర్లేదు."

మార్కండేయులు గారు కుర్చీలోంచి లేచారు. కళ్లలో నీళ్లు. అక్షరాలన్నీ తిరిగొచ్చేసరికి ముందు ఏది పలకాలో తోచలేదు. స్వామి పేరే పలుకుతారని ఆవిడ చేతులు జోడించి సిద్ధంగా ఉంది.

"సీతారామలక్ష్మీ!" అన్నారు.

కొత్తకోడలిగా వచ్చిననాడు గుమ్మం దగ్గర ఆడపడుచులు అడ్డంపడి చెప్పించాక, ఆ పేరు ఆయన నోట రావడం మళ్లీ ఇదే. ఒక్క అక్షరం తప్పిపోలేదు. ఆవిడ జోడించిన చేతులు దించడం మర్చిపోయింది.

"ఇంకోసారి అనండి," అంది. "పన్ను గట్టిగా ఉందో లేదో చూద్దాం."