గిడ్డమ్మ కొట్టం

నీళ్లు పడ్డాయన్నమాట, చేనిలో నలభై అడుగులు తవ్వి బండ పగలగొట్టినా పడని నీళ్లు నా రొమ్ములో పడ్డాయి, దబ్బనమంత సూదితో డొక్కలో పొడిచి తీశారు, రెండు శేర్లు, గాజు సీసాలో పోసి కిటికీ కింద పెట్టారు, తంగేడు పూల కషాయంలా పచ్చగా ఉన్నాయి, ఇన్ని నీళ్లు మోసుకుంటూ కర్నూలు దాకా బస్సులో ఎట్లా వచ్చానా అని వాటి వంకే చూస్తున్నాను, పక్క మంచం వెంకటప్ప, నందికొట్కూరు రైతు, కాలు విరిగి పడున్నవాడు, వాడికి అన్నీ పరాచికాలే, ఏమప్పా నాగన్నా, మా ఊరికి రారాదా, నిన్ను చేని గట్టున పండబెట్టుకుంటే బావిలో నీళ్లు తోడను మాకు కపిల తోలే పనే లేదు అన్నాడు, నేను నవ్వలేదు, నవ్వితే డొక్కలో పట్టుకుంటుంది, అయినా నవ్వు రాక ఆరేళ్లయింది, గిడ్డమ్మ పోయినప్పటి నుంచి, పెండ్లాం పోయినవాడితో జనం మొదట జాలిగా మాట్లాడతారు, తర్వాత మాట్లాడరు, నాకు రెండూ ఒకటే.

డాక్టరు నల్లటి రేకు తెచ్చి వెలుతురుకు ఎత్తి పట్టాడు, చిన్నవాడు, కోస్తా మనిషి, కూలివాణ్ణి కూడా అండీ అంటాడు, ఇది మీ రొమ్మండీ అన్నాడు, బతికుండగానే నా ఎముకలు నేను చూశాను, మగ్గం మీద పడుగు పోగుల్లా వరసగా ఉన్నాయి, ఎవరు అమర్చారో ఒక్కటీ వంకర లేదు, కుడి పక్కన మాత్రం మబ్బు కమ్మినట్టు తెల్లగా ఉంది, ఊపిరితిత్తుల చుట్టూ ఒక పొర ఉంటుందట, ఉల్లిపొర కన్నా పలచన, ఊపిరి తీసిన ప్రతిసారీ రాసుకోకుండా జారుతుందట, యాభై రెండేళ్లుగా నా లోపల ఒకటి జారుతూనే ఉంది, నేను తిట్టేటప్పుడు, తినేటప్పుడు, నిద్రలో, ఒక్క పూట మానలేదు, నాకు దాని సంగతే తెలియదు, ఇప్పుడు దానికి పుండు పట్టిందట, రాచపుండు జాతి అన్నాడు, మా పుస్తకాల్లో కూడా దీన్ని గురించి నాలుగు ముక్కలే ఉన్నాయండీ, మీరేం పని చేసేవారు అన్నాడు, రాతినార గని అన్నాను.

రాతినార, పులివెందుల దావలో మా ఊరి గుట్ట కడుపులో ఉంది అది, మొదటిసారి బండ పగిలినప్పుడు నాకు పాతికేళ్లు, పచ్చటి రాయి, దాని మధ్యన వేలెడు వెడల్పు చార, గోటితో గీకితే పట్టులా పోగులు పోగులుగా లేచింది, రాయి దారం కావడం నేను కళ్లారా చూశాను, మేం మగవాళ్లం లోపల తవ్వితే ఆడవాళ్లు బయట కూర్చుని సుత్తెలతో రాయి చితగ్గొట్టి నార విడదీసేవాళ్లు, గిడ్డమ్మను ఆ పనికి తీసుకుపోయింది నేనే, సాయంత్రానికి ఆమె తల ముసలమ్మ తల అయ్యేది, కనురెప్పల మీద కూడా నూగు, ఇంటికొచ్చి ఆ నారతోనే వత్తి చేసి దీపం పెట్టింది ఒకసారి, నూనె అయిపోయింది గానీ వత్తి అట్లనే ఉంది, తెల్లగా, ఊరంతా వచ్చి చూసి చేతులు జోడించారు, నేనూ జోడించాను, నిప్పుకు కాలనిది మనిషి లోపలికి పోతే ఏమవుతుందని ఒక్కడికీ తోచలేదు, గని దొరకు తోచిందేమో, వాడు దుమ్ము లేచే తట్టుకు ఎప్పుడూ వచ్చేవాడు కాదు.

ఆ గుట్టల నుంచే ఇంకా ఇద్దరు వచ్చారండీ, ఇదే తీరు, ఆ దుమ్మేనని నా అనుమానం, రుజువు లేదు అన్నాడు డాక్టరు, మాన్పే మందు లేదు, నీరు ఊరితే తీస్తాం, నొప్పికి సూది వేస్తాం, మనిషి తోడుంటే మంచిది, క్షయ మాత్రం కాదు, ఇది అంటదండీ, ఎవరైనా పక్కన కూర్చోవచ్చు, కలిసి తినవచ్చు, అంటదు అన్నాడు ఇంకోసారి, నాకు చెవుడని అనుకున్నట్టున్నాడు.

అంటదు, గిడ్డమ్మకూ ఇట్లనే కుడి డొక్కలో నొప్పి, ఇట్లనే పడుకుంటే ఊపిరాడదు, చేతులు పుల్లలై పోయాయి, మా ఊరి వైద్యుడు తిమ్మయ్య నాడి పట్టుకుని క్షయ, ఇంట్లో పెట్టుకుంటే పిల్ల కూడా దక్కదు అన్నాడు, వాణ్ణి నేను క్షమించను, కానీ చేని దగ్గర కొట్టం వేసింది నేను, ఆమె చాప, చెంబు, తినే తట్ట అక్కడికి మోసింది నేను, దావకు అడ్డంగా రాళ్లు పేర్చి, పన్నెండేళ్ల కూతురు సోమక్కతో, ఇవి దాటితే కాళ్లు విరగ్గొడతా అన్నది నేను, పొద్దున గనికి పోతూ సంగటి రాళ్ల మీద పెట్టి ఒక కేక వేసేవాణ్ణి, ఆమె వచ్చి తీసుకునే దాకా నిలబడేవాణ్ణి కాదు, ఆరు నెలలు, పోయాక చాప తగలబెట్టి తట్ట పూడ్చిపెట్టాను, ఊళ్లో అందరూ నాగన్న బుద్ధిమంతుడు, పిల్లను దక్కించుకున్నాడు అన్నారు, ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్లు బతికాను, డాక్టరును అడిగాను, నా పెండ్లానికి దగ్గితే గళ్లలో నెత్తురు పడలేదు సామీ, దానిదీ ఇదేనా అని, ఆయన రేకు దించి, అయి ఉండొచ్చు, చూడకుండా చెప్పలేను అన్నాడు, అబద్ధం చెప్పనందుకు ఆయన మీద కోపమొచ్చింది.

సోమక్క వస్తుంది ఇప్పుడు, కల్లూరులో కాపురం, పందొమ్మిది దినాలుగా పొద్దెక్కేసరికి సంగటి గిన్నె పట్టుకుని నడిచొస్తుంది, నాది క్షయేనని నేనే తేల్చుకుని, దగ్గరికి రావద్దు, కాళ్ల తట్టున పెట్టి పో అన్నాను మొదటి దినమే, అట్లనే పెడుతుంది, ద్వారం దగ్గర నిలబడి నేను తిన్నాక గిన్నె తీసుకుని పోతుంది, చెప్పకుంటే ఇట్లనే జరిగిపోతుంది, ఇంకెన్నాళ్లని, చెబితే తెలిసిపోతుంది, దాని తల్లిని దానికి కాకుండా నేను చేసింది ఉత్తపుణ్యానికని, రేపటి నుంచి రాకపోవచ్చు, రాకపోతే తప్పు పట్టను, నేనైతే రాను, అదిగో వచ్చింది, గిన్నె పెట్టింది, వెనక్కి జరిగింది, నోరు దానంతటదే తెరుచుకుంది, ఇది అంటుకునే రోగం కాదంట మే, మీయమ్మది కూడా కాదేమో, నేను ఊరికే ఆయమ్మను ఆడ పెట్టినా.

అరవలేదు, ఏడవలేదు, కొంగు సవరించుకుంది, నేను పోతా ఉంటి నాయనా అంది, నాకు అర్థం కాలేదు, యాడికి అన్నాను, కొట్టానికి, నువ్వు గనికి పోతానే పోతా ఉంటి, దినామూ, పండుకుంటే అమ్మకు ఊపిరాడేది కాదు, నేను ఆయమ్మ వీపుకు నా వీపు ఆనిచ్చి కూచుంటే అట్లనే కూచోని నిద్రపోయేది, ఒక తట్టలోనే తింటా ఉంటిమి, అంది, అంటుకుంటాదని తెలీదా నీకు అన్నాను, ఎందుకు తెలీదు, నువ్వు చెప్పింటివి కదా, దినామూ రాళ్లు దాటేటప్పుడు ఇంక నేను చచ్చిపోతా అనుకుంటా ఉంటి, శానా భయమయ్యేది, మరెందుకు పోయినావే అన్నాను, అమ్మ ఒకతే ఉండాది కదా అంది, నాకెందుకు చెప్పలేదు అంటే, చెప్తే నువ్వు రాళ్లు ఇంకా దూరం జరుపుతావు, అమ్మ కూడా వద్దనింది, మీ నాయన భయపడిండాడు, ఆయప్పకు చెప్పొద్దు మే అనింది.

భయపడిండాడు అని అందట, ఊరు బుద్ధి అన్నదాన్ని కొట్టంలో కూర్చుని ఆమె సరిగ్గా పేరు పెట్టింది, తిట్టలేదు, దాచిపెట్టింది, రాయి దారమైతే వింత అనుకున్నాను, ఎముకలు రేకు మీదికొస్తే వింత అనుకున్నాను, పన్నెండేళ్లది, చస్తానని తెలిసి, నిన్న చస్తాననుకున్నది ఇవ్వాళ మళ్లీ పోయింది, ఆరు నెలలు, నా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని సంగటి తింటూ, దాని ముఖంలో నాకేమీ కనపడలేదు, మరి నా దగ్గరికి రాలేదేమే అన్నాను, నేను వచ్చేటప్పటికి నువ్వు గోడ తట్టు తిరుక్కుంటావు కదా నాయనా అంది, నిజమే, మంచం కిర్రుమంది, ఎక్కి కూర్చుంది, వెనక నుంచి దాని వీపు నా వీపుకు ఆనింది, ఎముకకు ఎముక, వెచ్చగా, బరువు వదులు నాయనా అంటే వదిలాను, ఊపిరి కొంచెం లోపలికి పోయింది, పోతోంది, గిడ్డమ్మ ఇట్లా నిద్రపోయింది, ఇంత సుఖంగా, ఆమెను ఒంటరిగా చంపానని ఒక్క పొద్దులోనే కుళ్లిపోయాను, కాదు, ఆమెకు మనిషి ఉంది, తట్ట పంచుకునే మనిషి, వీపు ఇచ్చే మనిషి, ఆ ఆరు నెలలూ ఒంటరిగా ఉన్నది నేను.